కిటికీ అవతలి టీచరుగారు

పోయిన నెల ఒక ఆదివారం మా గేటు ముందు ఒకాయన మోటారు సైకిలు ఆపి, సంచిలోంచి కార్డు ఒకటి తీసి నా చేతికిచ్చాడు. మధ్యన ఫొటో, కింద పేరు, ఆ కింద ఆదరణ కూడిక జరిగే రోజు, చోటు. పేరు చదివాను. ఎవరో తట్టలేదు. తరవాత ఫొటో చూశాను.

"మా అక్కండి," అన్నాడాయన. "ఎవరెవరికి చెప్పాలో ఆసుపత్రిలో ఉండగా తనే కాగితం మీద రాసుకుందండి. అందులో మీరు ఆరోవారండి."

ఆయన వెళ్ళిపోయాక కూడా గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆవిడ పోయిందన్న మాట ఎంత గుచ్చుకుందో, ఆవిడకి అంత పొడుగాటి, అందమైన పేరుందని అప్పటిదాకా నాకు తెలియకపోవడం కూడా అంతే గుచ్చుకుంది. మేమంతా కంప్యూటరు టీచరుగారు అనే అనేవాళ్ళం. ఆ పేరు ఇక్కడ రాయను. బతికుండగా ఒక్కసారి కూడా పిలవని పేరుని ఇప్పుడు రాసి, లేని దగ్గరతనం తెచ్చిపెట్టుకోవడం నాకు సబబుగా తోచలేదు.

రాజోలు బస్టాండు వెనక మేడ మీద ఒక కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పొద్దుట పూట ఆవిడ అక్కడ ఆడపిల్లలకి టైపింగూ, ఉత్తరాలు కొట్టడమూ నేర్పేది. మధ్యాహ్నం భోజనం అయ్యాక లేడీస్ సైకిలెక్కి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేది. టెలిఫోను తీగ మీదుగా బ్రాడ్‌బ్యాండు మా ఊళ్ళలోకి కొత్తగా వచ్చిన రోజులవి. మస్కట్‌లోనో, దోహాలోనో, కువైట్‌లోనో మనిషున్న ప్రతి ఇంట్లోనూ ఒక కంప్యూటరు కొన్నారు. దానికి లేసు అల్లిన గుడ్డ కప్పి, పక్కన ప్లాస్టిక్ పూలు పెట్టారు. అన్నీ బాగానే ఉండేవి, పనిచెయ్యడం దగ్గరే వచ్చేది పేచీ. మోడెం మీద దీపాలు వెలుగుతూనే ఉండేవి. లైన్‌మన్ వచ్చి "లైను బ్రహ్మాండంగా ఉందండి" అని వెళ్ళిపోయేవాడు. కంప్యూటరు అమ్మిన షాపువాళ్ళు వచ్చి మొత్తం చెరిపేసి, మళ్ళీ మొదటినుంచి ఎక్కించి పోయేవారు. రెండు రోజులకి మళ్ళీ అదే తంతు. షాపువాళ్ళ మీద ఆవిడకి ఎక్కడలేని కోపం.

"జ్వరం వచ్చిందని పిల్లని మార్చేస్తారాండీ ఎవరైనా? ఒంటి మీద చెయ్యి వేసి చూడొద్దూ?" అనేది.

తను అలాగే చూసేది. ముందు కంప్యూటరు క్యాబినెట్ మీద అరచెయ్యి ఆనించి ఒక నిమిషం ఊరుకునేది. తరవాత, "ముందు చిన్నది పంపి చూద్దామండి," అనేది. ఎవరింటికెళ్ళినా మొదటి మాట అదే. పాడైంది అనేది కాదు, 'ఇబ్బంది' అనేది. జవాబు కోసం తెర వంక చూస్తున్నంతసేపూ బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు లెక్కపెడుతూ ఉండేది. నాలుగు జవాబులు వస్తే నాలుగో వేలి దగ్గర ఆగి, తల ఊపేది. ఒక పొడుగాటి నోటుబుక్కులో ఇంటికొక పేజీ. ఏ ఇంట్లో ఏ అంకె పెట్టిందో, ఏ రోజు పెట్టిందో, చక్కటి గుండ్రటి అక్షరాలతో రాసుకునేది. తన చేతిరాతంటే ఆవిడకి కొంచెం గర్వం కూడా ఉండేది. ఎవరైనా ఆ పుస్తకం చూస్తుంటే చూడనిచ్చేది, ముట్టుకోనిచ్చేది కాదు.

నీళ్ళ సీసా వెంట తెచ్చుకునేది. కాఫీ తాగుతారా అంటే, "ఇప్పుడే తాగొచ్చేనండి," అనేది. ఎండలో నాలుగు మైళ్ళు తొక్కొచ్చి కూడా అదే మాట. చెప్పులు మెట్ల దగ్గర కాకుండా, మెట్లకి నాలుగడుగుల ఇవతలే విడిచేది. ఆరోగ్యం మీద శ్రద్ధ కాబోలు, శుభ్రం కాబోలు అనుకున్నాను మొదట్లో. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. అంతకన్నా చిన్న పిల్లలకి తెలిసిన విషయాలు కూడా నాకు తెలియలేదంటే, తెలుసుకోనవసరం లేని చోట పెరిగాననే అర్థం.

మా అత్తగారిల్లు రాజోలుకి రెండు మైళ్ళ అవతల. మా ఆయన మస్కట్‌లో ఒక కట్టుబడి కంపెనీ స్టోర్సులో పనిచేసేవారు. పాప నెలల పిల్లగా ఉండగా వెళ్ళారు. దానికి రెండో ఏడు నడుస్తుండగా ఇంట్లో కంప్యూటరు పెట్టించారు. మధ్యాహ్నం ఆయనకి భోజనాల విరామంలో ఇద్దరం తెర మీద టైపు కొట్టుకునేవాళ్ళం. 'అన్నం తిన్నారా' అని నేను కొడితే వెళ్ళేది. 'తిన్నాను' అని వచ్చేది. పాప ఫొటో పంపితే మాత్రం వెళ్ళేది కాదు. సగం గీత నిండి అక్కడే ఆగిపోయేది. కాస్త పెద్ద ఉత్తరం రాసినా అంతే. నెలరోజులు రోజూ ప్రయత్నించాం. 'ఫొటో రాలేదు' అని ఆయన, 'మళ్ళీ పంపుతున్నా' అని నేను. చివరికి ఒకరోజు ఆయన, 'పోనీలే, పాప ఎలా ఉందో నువ్వే మాటల్లో రాయి' అని కొట్టారు. ఎలా రాయను? పాపకి చెంప మీద సొట్ట ఎక్కడ పడుతుందో మాటల్లో ఎలా చెప్పను?

ఆ సాయంత్రమే పక్కింటివాళ్ళు కంప్యూటరు టీచరుగారి సంగతి చెప్పారు. మర్నాడు కబురు పెట్టాం. మూడు గంటలకి వచ్చింది. సన్నటి మనిషి, నలుపు, ముప్పై ఏళ్ళుండొచ్చు. నూలు చీర, బిగించి అల్లిన జడ, భుజానికి సంచి. మా అత్తగారు వీధి అరుగు మీదే ఎదురయ్యారు.

"రామ్మా రా. ఎండనపడి వచ్చేవు. ఎవరమ్మాయివి నువ్వు?"

ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా తన పేట పేరు చెప్పింది, తల్లి పేరు చెప్పింది. "మా అమ్మ మీ చేలో నాట్లకి వస్తదండి," అంది.

"ఓ, దాని కూతురివా!" అన్నారు మా అత్తగారు. మొహం నిండా నవ్వే. కోపం లేదు, చీదరింపు లేదు. "ఎంత బాగా చదువుకున్నావమ్మా! చాలా సంతోషం. అయితే ఒక చిన్న చిక్కుందమ్మా. కంప్యూటరు దేవుడి గదిని ఆనుకుని ఉన్న గదిలో పెట్టించేడు మా వాడు. మరి ఎలాగంటావు?"

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆవిడ నా వంక చూడలేదు. మా అత్తగారి వంకా చూడలేదు. ఇంటి పక్కగా ఉన్న వరండా వంక చూసింది.

"ఆ గదికి కిటికీ ఉందాండీ?"

"ఉందమ్మా, వరండాలోకే."

"ఆయ్. అయితే చాలండి," అంది.

మా అత్తగారు స్వయంగా ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కిటికీ పక్కన వేశారు. దాని మీద దుమ్ము తన చెంగుతోనే తుడిచారు కూడా. నేను లోపల కంప్యూటరు ముందు కూర్చున్నాను. తెరని కిటికీ వైపు తిప్పబోతే తీగ చాల్లేదు, సగమే తిరిగింది. ఆవిడకి తెర అంచు తప్ప ఏమీ కనబడదు.

"పర్వాలేదండి. మీకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు కదండీ? మీరు చదవండి, నేను వింటాను," అంది ఊచల అవతలనుంచి.

తెర మీద నల్లటి గడి ఒకటి తెరిపించింది. పి ఐ ఎన్ జి అని కొట్టించింది. ఖాళీ వదిలించి, అడ్డగీత పెట్టించి, ఎఫ్ అని, మళ్ళీ అడ్డగీత, ఎల్ అని, ఆ పక్కన మొదట చిన్న అంకె ఒకటి కొట్టించింది. నాలుగు వరసలు వచ్చాయి. చదివాను. కిటికీ అవతల బొటనవేలు నాలుగో వేలి దగ్గర ఆగింది.

"చిన్నది వెళ్ళిందండి. ఇప్పుడు పెద్దది పంపుదాం. పద్నాలుగొందల డెబ్బై రెండు కొట్టండి."

కొట్టాను. వేరే మాటలేవో వచ్చాయి. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను: "ప్యాకెట్ నీడ్స్ టు బి ఫ్రాగ్మెంటెడ్..."

"ఆగండి! దొరికేసిందండి," అంది ఆవిడ. గొంతులో చిన్నపిల్లల సంబరం. కుర్చీ ముందుకి జరుపుకుని ఊచలు పట్టుకుంది. "మన రేవులో గోదారి దాటించే పంటు ఉంది కదండీ. కొబ్బరికాయల లారీ వచ్చిందనుకోండి. పంటు మొయ్యగలిగితే ఎక్కిస్తారు. బరువెక్కువైతే సగం దించి రెండుసార్లుగా దాటిస్తారు. మీ లారీ మీదేమో విప్పి దించకూడదని రాసుందండి. అప్పుడేం చేస్తారు? పక్కన పెట్టేస్తారు. పెట్టేసినట్టు మీకు కబురు రాదు. మీరిక్కడ కూచుని, దాటిందేమో దాటిందేమో అని చూస్తా ఉంటారు."

"మరి మేం రాసుకునే మాటలు వెళ్తున్నాయి కదండీ?"

"అవి సైకిళ్ళండి. సైకిలు ఎప్పుడైనా దాటేస్తది. పాప ఫొటో లారీ."

నాకు నవ్వొచ్చింది. నెలరోజుల తరవాత మొదటిసారి నవ్వాను.

ఇక ఎంత బరువైతే పంటు మోస్తుందో చూడాలి. అంకె తగ్గిస్తూ పోయాం. పద్నాలుగొందల అరవై రెండు వెళ్ళింది. అరవై ఆరు వెళ్ళలేదు. అరవై నాలుగు వెళ్ళింది. "అదీ మీ ఇంటి అంకె," అంది. దానికి ఇరవై ఎనిమిది కలపమంది. కవరు మీద చిరునామా రాసుకోడానికి అంత చోటు కావాలట. పద్నాలుగొందల తొంభై రెండు. షాపువాళ్ళు స్పీడు పెరుగుతుందని ఏదో ఎక్కించి, ఆ అంకెని పదిహేను వందలకి బిగించేశారట. తేడా అంతా కలిపి ఎనిమిది. ఆ ఎనిమిది కోసమే మా ఆయన నెలరోజులు కూతురి మొహం చూడలేదు.

అంకె మార్చాల్సిన చోటు కంప్యూటరు లోలోపల ఎక్కడో ఉంది. అక్కడికి వెళ్ళేముందు ఆవిడ గొంతు మారింది. "ఇక్కడ పొరపాటున ఒకటి చెరిపితే కంప్యూటరు మళ్ళీ లేవదండి. నేనొక మాట అంటాను. మీరు దాన్ని తిరిగి అనండి. తరవాతే నొక్కండి. తొందరేం లేదు." అలాగే చేశాం. ఆవిడ అనడం, నేను తిరిగి అనడం, నొక్కడం. మా అత్తగారు మధ్యలో వచ్చి, ఇదేదో మంత్రంలా ఉందే అని నవ్వి వెళ్ళారు. రెండుసార్లు తప్పు అని మళ్ళీ మొదలెట్టాను. ఆవిడ మాత్రం ఒక్కసారి కూడా విసుక్కోలేదు. చూడలేని యంత్రాన్ని, అప్పుడే పరిచయమైన నా వేళ్ళతో బాగుచేసింది.

ఆపి మళ్ళీ వెలిగించాక ఫొటో పంపాను. గీత సగం దాకా వచ్చింది. సగం దాటింది. నిండిపోయింది. కాసేపటికి మా ఆయన దగ్గర్నుంచి ఒకే ఒక్క మాట వచ్చింది. 'సొట్ట' అని.

నేను మొహం కప్పుకుని ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని కిటికీ వంక చూసేసరికి ఆవిడ కుర్చీ అటు తిప్పుకుని, పెరటి కొబ్బరి చెట్ల వంక చూస్తూ కూర్చుంది. నేను పిలిచేదాకా తిరగలేదు.

ఆ తరవాత నాకు ఆ విద్య నేర్చుకోవాలన్న ఆశ పుట్టింది. ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్తానంటే మా అత్తగారు ఒప్పుకోలేదు. టీచరుగారికి చెప్పాను. ఒక్క క్షణం ఆలోచించి, "ప్రతి గురువారం కంప్యూటరు చెక్ చెయ్యాలని చెప్పండి. నేనొస్తాను," అంది. ఏడాదిన్నర పైగా వచ్చింది. అదే కిటికీ, అదే కుర్చీ. టైపింగు, లెక్కల పట్టీలు, నెట్‌వర్కు సంగతులు, అన్నీ ఆ ఊచల మధ్యనుంచే నేర్చుకున్నాను. తప్పు చేస్తే ఊరుకునేది కాదు. "మళ్ళీ చదవండి. కళ్ళతో కాదు, నోటితో," అనేది. ఈ రోజు నేను ఒక ఆఫీసులో కంప్యూటరు ఆపరేటరుగా కూర్చుని జీతం తీసుకుంటున్నానంటే అది ఆవిడ వరండాలో కూర్చుని పెట్టిన భిక్ష.

మా అత్తగారికీ ఆవిడంటే ఇష్టం ఏర్పడింది. గురువారం నాలుగైనా రాకపోతే, "ఏవమ్మా, మీ టీచరు ఇంకా రాలేదేమే?" అని గేటు దాకా వెళ్ళి చూసేవారు. ఆవకాయ పెట్టినప్పుడు చిన్న సీసాడు విడిగా తీసి ఉంచి ఇచ్చేవారు. ఒకసారి మెచ్చుకోలు పొంగి, "ఎంత బుద్ధిమంతురాలివమ్మా! మాలో పుట్టాల్సినదానివి," అన్నారు.

ఆవిడ నోటుబుక్కు సంచిలో సర్దుకుంటూ, "పుట్టినచోట బాగానే ఉందండీ అమ్మగారూ," అంది. నవ్వుతూనే అంది. మా అత్తగారూ నవ్వేశారు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగల్లేదు, నాకు తగిలింది.

శ్రావణమాసంలో ఒక గురువారం పాఠం మధ్యలో గాలీవానా ఒక్కసారిగా కమ్ముకొచ్చాయి. జల్లు వరండాలోకి కొడుతోంది. ఆవిడ గొడుగు విప్పి అడ్డం పెట్టుకుంది. గొడుగు తిరగబడిపోయింది. చీర తడిసి ఒంటికి అతుక్కుపోయింది. నోటుబుక్కు తడవకుండా సంచితో సహా ఊచల మధ్యనుంచి నాకందించింది. మా అత్తగారు లోపలి గదిలో నిద్రపోతున్నారు.

"లోపలికి రండి టీచరుగారూ," అన్నాను.

ఆవిడ నన్ను చూసింది. "మీ అత్తగారు చెప్పేరాండీ?"

నేను లోపలి గది వంక చూశాను.

"అయితే వద్దులెండి. నేనింటికెళ్ళి తల తుడుచుకుంటే నాకు పోద్ది. మీకు అలా పోదు." చెంగు పిండుకుంటూ, "ఏదీ, ఎక్కడిదాకా వచ్చేం? ఆ వరస మళ్ళీ చదవండి," అంది.

నేను లేచి వెళ్ళి మా అత్తగారిని లేపి అడగొచ్చు. అడిగితే ఆవిడ ఒప్పుకునేవారేమో కూడా. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. ఆ గడియ తీసింది లేదు. తెర మీద వరస మళ్ళీ చదివాను.

మా ఆయన తిరిగొచ్చాక రాజోలులో వేరే ఇల్లు తీసుకున్నాం. కొత్తింట్లో కంప్యూటరు ముందు గదిలోనే పెట్టించాను. ఆవిడని పిలవాలి, లోపల కూర్చోబెట్టాలి అని మొదటి రోజునుంచీ అనుకుంటూనే ఉన్నాను. అనుకోవడంలోనే ఏడాది గడిచిపోయింది. ఈలోగా ఆవిడ ఒంట్లో బాగాలేదనీ, కాకినాడలో వైద్యం జరుగుతోందనీ విన్నాను. ఒకసారి బస్సులో కనబడింది. సగమైపోయింది మనిషి. "మా ఇంటికి రండి," అన్నాను. "ఆయ్, ఇబ్బందేదన్నా ఉంటే ఫోను చెయ్యండి, వస్తాను," అంది.

ఇబ్బంది ఉంటేనే వస్తుందని అర్థమై, వారం తిరక్కుండా ఫోను చేసి అబద్ధమాడాను. పేజీలు తెరుచుకోవడం లేదన్నాను. మిట్టమధ్యాహ్నం ఆటో దిగి వచ్చింది. మెట్లు ఒక్కొక్కటీ ఆగి ఆగి ఎక్కింది. చెప్పులు మళ్ళీ నాలుగడుగుల ఇవతలే. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి ఫ్యాను కింద కూర్చోబెట్టాను. క్యాబినెట్ మీద చెయ్యి ఆనించింది. చిన్నది పంపింది, పెద్దది పంపింది. అన్నీ వెళ్ళాయి. నా మొహంలోకి చూసింది.

"ఏ ఇబ్బందీ లేదు కదండీ?"

"లేదండి. మిమ్మల్ని మా ఇంట్లో కూర్చోబెట్టాలని... అప్పుడు చెయ్యలేకపోయాను."

ఆవిడ కీబోర్డు పక్కకి జరిపింది. తరవాత నెమ్మదిగా, "ఇంత ఎండలో వచ్చేనండి నేను," అంది. "మీకు బరువుగా ఉందని నన్ను రప్పించేరు."

నేను తలొంచుకున్నాను. పర్వాలేదులెండి అంటుందని ఎదురుచూశాను, అనలేదు. ప్రపంచంలో ఎవరికీ ఆ మాట ఆవిడ బాకీ లేదు.

"కాఫీ కలుపుతాను," అన్నాను.

"వద్దండి. డాక్టరుగారు మానెయ్యమన్నారు. మంచినీళ్ళివ్వండి."

గ్లాసుతో ఇచ్చాను. తాగింది. గుమ్మం దగ్గర ఆగి, "మీరు బాగా నేర్చుకున్నారండి. నేను నేర్పినవాళ్ళలో మీరొకరే చదివి చెప్పేవారు," అంది. ఆటో ఎక్కించాను. అదే ఆఖరిసారి చూడటం.

కార్డు అందిన రోజు మా అత్తగారికి ఫోను చేసి చెప్పాను. "అయ్యో, బంగారంలాంటి పిల్ల," అని ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు. ఆ రాత్రి భోజనం కూడా చెయ్యలేదట. ఆ ఏడుపు నిజం, ఆ కుర్చీ వరండాలో వెయ్యడమూ నిజం. రెండూ ఒక మనిషిలోనే ఎలా ఉంటాయో నాకు ఈనాటికీ అంతుపట్టదు. నన్ను చూసుకున్నా అంతే.

కూడికకి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆ పేటలో అడుగు పెట్టడం నాకదే మొదలు. మా పొలం గట్టు మీదనుంచి రోజూ కనబడే ఊరే. చర్చి ముందు షామియానా వేశారు. పాటలు, ప్రార్థన అయ్యాయి. పాస్టరుగారు మాట్లాడారు. తరవాత ఆవిడ తమ్ముడు నన్ను వాళ్ళింటి గుమ్మంలో కూర్చున్న తల్లి దగ్గరికి తీసుకెళ్ళాడు. నడుం వంగిపోయిన ముసలావిడ. నేను ఫలానా ఇంటి కోడలినని చెప్పగానే లేవబోయింది. వద్దమ్మా అని పక్కనే కూర్చున్నాను.

"మా పిల్ల మీ గురించి ఎప్పుడూ చెప్పేదండి," అంది నా చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుని. "గురువారం వచ్చిందంటే మీ ఇంటికేనండి. మీ ఇంట్లో దానికి ఎంత మర్యాదండి! పెద్దమ్మగారు లోపలికి పిలిచి, గదిలో ఫ్యాను కింద కుర్చీ వేయించేవారంట కదండీ. కాఫీ ఇచ్చేవారంట. ఇంటికొచ్చి అన్నీ చెప్పేదండి నాకు."

నేను ముసలావిడ చేతుల వంక చూశాను.

"మీ చేలో నేను ముప్పై ఏళ్ళు ఊడ్పులు ఊడ్చేనండి. కూలికి వీధి అరుగు దాకా వచ్చేదాన్ని. లోపలెలా ఉంటదో ఎప్పుడూ చూళ్ళేదు. నా కూతురు లోపల కూచుని చదువు చెప్పొచ్చిందంటే, నా కడుపు నిండిపోయేదండి." చుట్టూ ఉన్న ఆడవాళ్ళ వంక చూసింది. "వీళ్ళకి చెబితే నమ్మరండి. గొప్పలు చెప్పుకుంటున్నానంటారు. మీరు చెప్పండమ్మగారూ. నిజమే కదండీ?"

ఐదారుగురు ఆడవాళ్ళు నా మొహంలోకే చూస్తున్నారు. వాళ్ళ కళ్ళల్లో తెలుస్తూనే ఉంది, వాళ్ళకి నిజం తెలుసని. వాళ్ళలో ఒకావిడ నెమ్మదిగా తల దించుకుంది. నన్ను కాపాడటానికి కాదు, ఆ ముసలి తల్లి కోసం.

ఎన్ని గురువారాలు? మా వరండాలో ఎండకీ జల్లుకీ కూర్చుని, సాయంత్రం ఈ గుమ్మంలో సైకిలు దిగుతూ, తల్లికి చెప్పడానికి ఆవిడ దారి పొడుగునా ఏమేం అల్లుకుంటూ వచ్చి ఉంటుంది? ఏ రోజు ఏం చెప్పింది? గోడల రంగు చెప్పిందా? మా ఇంటిని మాకన్నా మంచి ఇల్లుగా ఆవిడే కట్టి, తల్లికి చూపించింది. దాన్ని కూలగొట్టే హక్కు నాకెక్కడిది?

"నిజమేనమ్మా," అన్నాను.

"ఫ్యాను కిందేనాండీ?"

"ఫ్యాను కిందే. మా అత్తగారే కుర్చీ వేసేవారు."

ముసలావిడ చుట్టూ ఉన్నవాళ్ళ వంక చూసి, "విన్నారా?" అంది. కళ్ళు తుడుచుకుంది. నా చెయ్యి వదల్లేదు.

"కాఫీ ఎవరు కలిపేవారండి?"

"నేనే కలిపేదాన్నమ్మా."

"దానికి తీపి ఎక్కువుండాలండి. చిన్నప్పటినుంచీ అంతే. మాకు పంచదార దొరికేది కాదు, బెల్లం ముక్క కొరుక్కుని తాగేది. మీ ఇంట్లో అడిగేదో లేదో, మొహమాటం మనిషి."

ఆవిడకి తీపి ఇష్టమని నాకు తెలిసింది అప్పుడే.

"అడగనిచ్చేదాన్ని కాదమ్మా," అన్నాను. "మూడు చెంచాలు వేసేదాన్ని. గ్లాసు ఖాళీ చేసేదాకా పక్కనే నిలబడేదాన్ని."

ముసలావిడ కళ్ళు మూసుకుంది. పెదాలు కదిపి, "మూడు చెంచాలు," అని తనలో తను అనుకుంది. "ఇంకా చెప్పండి," అంది.